మా ఇంటి ఆటల కంప్యూటరు

తయారైన వస్తువును కొనడం వేరు, భాగాలను ఏరి కూర్చుకొనడం వేరు. మొదటి దానికి దుకాణదారుని మీద నమ్మకం వుంటే చాలును. రెండవ దానికి ప్రతి భాగానికీ మిగిలిన భాగాలతో గల సంబంధం తెలిసి వుండాలి. కంప్యూటరు విషయంలో ఈ భేదం స్పష్టంగా గోచరిస్తుంది. అందులోనూ ఆటల కోసం, అందులోనూ పరిమితమైన డబ్బుతో కూర్చుకొనేవారికి ఒక్క భాగంలో చేసిన దుబారా మరొక భాగంలో లోటుగా ప్రత్యక్షమవుతుంది.

ఆటల కంప్యూటరును గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమా అని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. వారికి నేను సవినయంగా మనవి చేసుకొనేది ఒకటే. ఇంటి కంప్యూటరుకు ఎదురయ్యే పనుల్లో ఆటను మించిన కఠిన పరీక్ష అరుదు. ఉత్తరం టైపు చేయడానికి పదేళ్ళనాటి యంత్రమైనా సరిపోతుంది. ఆట అలా కాదు. సాధారణమైన మానిటరు మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులుంటాయి. అంటే మొత్తం 20,73,600. ఆట కదలికలు కంటికి నునుపుగా కనిపించాలంటే సెకనుకు కనీసం 60 సార్లు కొత్త చిత్రం రావాలి. అనగా సెకనుకు పన్నెండు కోట్ల నలభై నాలుగు లక్షల బిందువులకు రంగు నిర్ణయించాలన్నమాట. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, ట్రాంబే శాస్త్రజ్ఞుల రూపకల్పన ననుసరించి, 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి ఫుట్‌బాల్ ఆట ఆడుకోవడానికే ఇంత గణనశక్తి అవసరం కావడం ఆశ్చర్యకరమైన సంగతే.

ఆ ఇంటర్మీడియట్ విద్యార్థి మా తమ్ముడు. 2023 జూన్‌లో మా భాయ్‌జాన్ జెడ్డా నుంచి ఇంట్లో కంప్యూటరు కోసమని అరవై వేల రూపాయలు పంపారు. నేను కంప్యూటర్ సైన్సు చదువుతున్నాను కనుక నా ప్రోగ్రాముల అభ్యాసానికి, తమ్ముడి ఆటలకు, అబ్బా పనికి ఒకే యంత్రం ఉపయోగపడాలని వారి కోరిక. మా అబ్బా ఛత్తా బజారులోని ఒక ముద్రణాలయంలో ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి పత్రికల పని చేస్తున్నారు. కాతిబులు కలంతో రాసిన రోజులు చూశారు, తర్వాత ఇన్‌పేజ్ వచ్చిన రోజులు చూశారు. రాత్రివేళ ఇంట్లోనే కూర్చొని ఉర్దూ, తెలుగు రుక్కాలు కంపోజు చేసుకోగలిగితే నాలుగు రూపాయలు అదనంగా వస్తాయని ఆయన ఆలోచన. ఆటల మాట ఆయనకు అంతగా రుచించలేదు, కాని కాదనలేదు.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరును మన నగరంలో కంప్యూటరు కొనదలచినవారందరూ ఎరుగుదురు. అందరూ సి.టి.సి. అంటారు. అంతస్తు అంతస్తునా దుకాణాలు, ప్రతి దుకాణం ముందు రంగురంగుల దీపాల క్యాబినెట్లు. తెలిసినవారు వెళితే అక్కడ దొరకనిది లేదు. తెలియనివారు వెళితే ఏమి దొరుకుతుందో చెప్పడానికి మేము మొదటి రోజు తీసుకున్న ఒక కొటేషనును ఉదాహరిస్తాను. దుకాణం పేరు అనవసరం. కాగితం మీద నాలుగు సంఖ్యలు పెద్ద అక్షరాలతో వున్నాయి: ఐ7 ప్రాసెసర్, 16 జి.బి. ర్యామ్, 4 జి.బి. గ్రాఫిక్స్ కార్డు, 600 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ధర ముప్ఫై ఎనిమిది వేలు. “ఏ ఆటైనా పరుగెడుతుంది” అని ఆయన హామీ. తమ్ముడి కళ్ళు మెరిశాయి.

ఆ నాలుగు సంఖ్యల్లో ఏదీ అబద్ధం కాదు. ఏదీ పూర్తి నిజమూ కాదు. ఐ7 అనేది ఒక శ్రేణి పేరు. అది ఏ తరానికి చెందినదో అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. అడిగాను. మూడవ తరం, అంటే 2012 నాటిది. దానికంటె 2022 జనవరిలో వచ్చిన పన్నెండవ తరం ఐ3 ప్రాసెసర్ ఎంతో వేగవంతమైనది. అంతేకాదు, విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లను అంగీకరించదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ అప్పటికే ప్రకటించి వుంది. ఇక ఆ గ్రాఫిక్స్ కార్డు జిటి 730 అనే 2014 నాటి సరుకు. దానికి 4 జి.బి. జ్ఞాపకశక్తి వున్న మాట వాస్తవమే. అది నిదానమైన డి.డి.ఆర్.3 రకం. చిన్న కుళాయి బిగించిన పెద్ద తొట్టి ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే: నీరు ఎంత నిలవ వున్నా ధార సన్నగానే వస్తుంది. 16 జి.బి. ర్యామ్ ఒకే కడ్డీగా వున్నది. 600 వాట్ల మాట తర్వాత విస్తరంగా చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికంటె ప్రమాదకరమైనది అదే.

ఇంటికి వచ్చి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఏ ఆటలు ఆడదలచుకున్నావో ముందు కాగితం మీద రాయమన్నాను. భాగాల పేర్లు తర్వాత. వాడు మూడు రాశాడు: వాలరెంట్, జి.టి.ఎ. 5, ఫిఫా 23. మొదటిది 2020లో వచ్చిన పోటీ ఆట. కార్డు మీద భారం తక్కువ, ప్రాసెసర్ చురుకుగా వుంటే చాలు. రెండవది 2015లోనే కంప్యూటర్లకు విడుదలైనది. మూడవది మధ్యరకం. అయితే రేపు రాబోయే ఆటల సంగతేమిటి అని వాడు అడిగాడు. ఆ ప్రశ్న సమంజసమే. రేపటి కోసం ఈనాడు ఎంత ఖర్చు పెట్టాలన్నదే ఈ వ్యవహారంలోని చిక్కంతా.

మేము మొదట వేసుకున్న పథకం ఇది. ప్రాసెసరుగా 2022లో వచ్చిన ఎ.ఎం.డి. రైజెన్ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గ్రాఫిక్స్ కార్డుగా రేడియన్ ఆర్.ఎక్స్. 6600, 8 జి.బి. జ్ఞాపకశక్తి. ఇంటెల్ ఐ3-12100ఎఫ్ తీసుకుంటే నాలుగైదు వేలు మిగిలేవి. దానికి వున్నవి నాలుగు కోర్లే అయినా ఆటల్లో అది దిట్ట. కాని నా ప్రోగ్రాములు, అబ్బా కంపోజింగు, వెనుక బ్రౌజరు, ఇవన్నీ ఒకే యంత్రం మీద జరుగుతాయి గనుక ఆరు కోర్ల వైపే మొగ్గు చూపాను. కేవలం ఆటకే అయితే ఐ3 తీసుకొని మిగిలిన సొమ్ము కార్డుకు చేర్చడమే ఉత్తమమని ఇప్పటికీ నా అభిప్రాయం.

కార్డు ఎంపికకు కొన్ని రాత్రులు పట్టింది. 2021లో ఈ కార్డుల ధరలు ఆకాశాన్నంటాయి. చిప్పుల కొరత ఒక కారణం. ఈథీరియం అనే డిజిటల్ నాణెం కోసం జనం వందల కొలదీ కార్డులను రాత్రింబవళ్ళు నడపడం మరొక కారణం. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెపు విధానం మారిపోయి కార్డుల అవసరం లేకపోయింది. వెంటనే వాడేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ విపణిలోకి వెల్లువలా వచ్చిపడ్డాయి. 2017 నాటి ఆర్.ఎక్స్. 580 కార్డు చాలా చౌకగా దొరికేది. అది చెడ్డది కాదు. కాని 185 వాట్ల విద్యుత్తు తాగుతుంది, వారంటీ లేదు, గతంలో ఎన్ని నెలలు నిర్విరామంగా నడిచిందో ఎవరూ చెప్పరు. పరీక్షించి చూడగల నేర్పరి తోడుంటే సెకండ్ హ్యాండ్ కార్డు కొనడం తప్పేమీ కాదు. మాకు అట్టి తోడు లేదు.

కొత్తవాటిలో ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. అనేది ధర తక్కువని ఆకర్షిస్తుంది. దీనిని గురించి విద్యార్థి మిత్రులు తప్పక తెలుసుకోవాలి. కార్డుకు, ప్రాసెసరుకు మధ్య రాకపోకలు సాగే బాటను పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అంటారు. చాలా కార్డులకు ఆ బాటలో పదహారు లేక ఎనిమిది వరుసలుంటాయి. 6500 ఎక్స్.టి.కి నాలుగే. నాలుగవ తరం బాట వున్న యంత్రంలో ఎలాగో నెట్టుకొస్తుంది. మూడవ తరం బాటలో ఒక్కొక్క వరుస వేగం సగమైపోతుంది. పైగా దాని సొంత జ్ఞాపకశక్తి 4 జి.బి.లే కావడం వల్ల అది నిండినప్పుడల్లా ఆ ఇరుకు బాట మీదనే ఆధారపడాలి. పాత యంత్రాలున్న బీదవానికి పనికిరావలసిన కార్డు పాత యంత్రంలోనే ఎక్కువ తడబడడం విచిత్రం. ఆర్.టి.ఎక్స్. 3050 కార్డులో కాంతి కిరణాల లెక్కకు, చిత్రాన్ని పెంచి చూపే పద్ధతికి మంచి సదుపాయాలున్నాయి. కాని మామూలు ఆటల్లో దాదాపు అదే ధరకు 6600 ఎక్కువ చిత్రాలు ఇస్తుంది. విద్యుత్తు కూడా 132 వాట్లే. అప్పుడు దాని ధర సుమారు ఇరవై వేలు. మొత్తం లెక్క అరవై వేలకు పై చిలుకు తేలింది. ఆ చిలుకును నా ట్యూషను డబ్బుతో పూడ్చవచ్చుననుకొన్నాము.

ఇంతలో అమ్మీకి కంటి శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పారు. ఇరవై వేలు అందుకు పోయాయి. ఇది విచారించవలసిన విషయం కాదు. ఆమె ఈనాడు సూదిలో దారం తానే ఎక్కించుకుంటున్నది. కాని చేతిలో మిగిలినవి నలభై వేలు.

అప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. అన్నిటిలోనూ తలా కొంచెం తగ్గించి, నాసిరకం భాగాలతో ఇప్పుడే పూర్తి చేయడం ఒకటి. డబ్బు సమకూడేదాకా ఆగడం రెండవది. మూడవది, యంత్రాన్ని రెండు విడతలుగా కట్టడం. తమ్ముడు మొదటి దారిని గట్టిగా పట్టుకున్నాడు. “ఆపా, కార్డు ఒక్కటి మంచిది వుంటే చాలు. ఎస్.ఎం.పి.ఎస్. ఏదైతేనేం, కరెంటు ఇచ్చేదే గదా! మానిటరు పాతది ఎక్కడైనా దొరుకుతుంది” అని వాదించాడు. వాడి వాదం బయటికి సబబుగానే వుంది. ఆటలో కంటికి కనిపించేది కార్డు చేసిన పనే. అయితే నేను వాణ్ణి ఒక ప్రశ్న అడిగాను: “ఏడాది తర్వాత చేతికి ఇరవై వేలు వస్తే, ఏ భాగాన్ని పారేయకుండా ఏ భాగాన్ని చేర్చగలవు?”

కార్డు అనేది విడిగా చేర్చుకోదగిన భాగం. ఖాళీ స్లాటులో గుచ్చి, తీగ తగిలిస్తే అయిపోతుంది. మదర్‌బోర్డు మార్చాలంటే యంత్రమంతా విప్పాలి. నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. మార్చాలంటే అది మిగిలినవాటికి హాని చేయకముందే మార్చాలి. కనుక తర్వాత మార్చడం కష్టమైనవాటిని ఇప్పుడు మంచివి కొని, తర్వాత చేర్చడం సులభమైనదాన్ని వాయిదా వేయాలని తేల్చాము. తమ్ముడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

కార్డు లేకుండా తెర మీద బొమ్మ రావాలంటే ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ వుండాలి. రైజెన్ 5 5600లో అది లేదు. ఇంటెల్ పేర్ల చివర ‘ఎఫ్’ అక్షరం వున్నవాటిలోనూ వుండదు. ఈ అక్షరం సంగతి తెలియక ప్రాసెసర్ కొని, తెర నల్లగా వుండడం చూసి బోర్డు చెడిపోయిందనుకొనేవారు వున్నారు. ‘జి’ అక్షరంతో ముగిసే రైజెన్ 5 5600జి అనే ప్రాసెసరులో వేగా అనే గ్రాఫిక్స్ ఇమిడి వున్నది. దీనికీ ఆరు కోర్లే. కాని లోపలి క్యాష్ జ్ఞాపకశక్తి 5600కు 32 ఎం.బి. కాగా దీనికి 16 మాత్రమే. బాట కూడా నాలుగవ తరానికి బదులు మూడవ తరమే. అంటే రేపు కార్డు చేర్చినప్పుడు 5600 ఇచ్చేటంత ఫలితం ఇది ఇవ్వదు. ఆ నష్టాన్ని తెలిసే ఒప్పుకున్నాము. మూడవ తరం బాట కనుక 6500 ఎక్స్.టి. మాకు ఎప్పటికీ పనికిరాదని, ఎనిమిది వరుసలున్న 6600కు మాత్రం స్వల్పమైన నష్టమేనని అప్పుడే రాసిపెట్టుకున్నాను.

ర్యామ్ విషయంలో ఒక సూక్ష్మం వుంది. ప్రాసెసరులోని గ్రాఫిక్సుకు సొంత జ్ఞాపకశక్తి వుండదు. అది ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 వేగం గల డి.డి.ఆర్.4 కడ్డీ ఒకటి పెడితే సెకనుకు 25.6 జి.బి.ల సమాచారం పారుతుంది. రెండు కడ్డీలను సరైన స్లాటుల్లో పెడితే 51.2. ఆర్.ఎక్స్. 6600 కార్డు తన సొంత జ్ఞాపకశక్తితో సెకనుకు 224 జి.బి.లు పారిస్తుందంటే తారతమ్యం తెలుస్తుంది. అందుచేత 16 జి.బి.ల కడ్డీ ఒకటి కాకుండా 8 జి.బి.లవి రెండు తీసుకోవడం కార్డు లేని యంత్రానికి ప్రాణప్రదం. మొత్తం అంతే, ధరలో భేదం స్వల్పం, ఆటలో భేదం అపారం. మరొక మాట: 3200 అని రాసి వున్నా, బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్.ఎం.పి. అనే అమరికను ఎంచుకుంటే తప్ప చాలా కడ్డీలు అంతకంటె తక్కువ వేగంతోనే నడుస్తాయి. దుకాణాల్లో ఈ పని చేసి ఇవ్వడం అరుదు.

మదర్‌బోర్డుగా బి550 రకం తీసుకున్నాము. దాని సాకెట్ పేరు ఎ.ఎం.4. 2016లో ఆరంభమైన ఈ సాకెటుకు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. ఒకే సాకెటు ఇంతకాలం మన్నడం ఈ రంగంలో విశేషమే. బి450 బోర్డు వెయ్యి పదిహేను వందలు చౌక. దానితోనూ పని జరుగుతుంది. కాని పాత నిలవ బోర్డు అయితే బయాస్‌ను నవీకరిస్తే తప్ప ఈ ప్రాసెసరును గుర్తించదు. పైగా ఎప్పుడైనా 5600 వంటి ప్రాసెసర్ వేసుకుంటే బి550లో నాలుగవ తరం బాట లభిస్తుంది.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. సంగతి. గోడ నుంచి వచ్చే విద్యుత్తును మార్చి భాగాలన్నిటికీ పంచేది ఇదే. ఇంటిలో నీటి గొట్టం వంటిది. బాగున్నంతకాలం దాన్ని ఎవరూ తలచుకోరు. నేటి కంప్యూటర్లలో ప్రాసెసరుకు, కార్డుకు ముఖ్యంగా కావలసినది 12 వోల్టుల విద్యుత్తు. పెట్టె మీద 600 వాట్లని పెద్దగా రాసి వున్నా, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడాలి. అక్కడ 16 అని వుంటే, పన్నెండు పదహార్లు 192. అంటే నిజంగా పనికివచ్చేది 192 వాట్లే. ఈ చిన్న గుణకారం ఎనిమిదవ తరగతి పిల్లవాడైనా చేయగలడు. మొదటి కొటేషనులోని పెట్టెను చేత్తో ఎత్తి చూశాను, తేలికగా వుంది. లోపల రాగి, ఇనుము తక్కువైతే బరువు ఎక్కడి నుంచి వస్తుంది? కార్డుకు తగిలించే ఎనిమిది ముళ్ళ తీగ దానికి అసలే లేదు.

మేము తీసుకున్నది 550 వాట్లది. ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర, అయిదేళ్ళ వారంటీ. ధర నాలుగు వేల రెండు వందలు. ఆ ముద్రను గురించి కూడా ఒక అపోహ ప్రచారంలో వుంది. గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా అందుతుందో మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. నిర్మాణం దిట్టమైనదా కాదా అన్నది అది చెప్పదు. దానికి వారంటీ ఎన్నేళ్ళో చూడడం కొంతవరకు మేలైన కొలత. అయిదేళ్ళు బాధ్యత వహించేవాడు మరీ నాసిరకం సరుకు చేయలేడు గదా! కార్డు లేని యంత్రానికి ఇంత దేనికని దుకాణంలో నవ్వారు. రేపు వచ్చే కార్డుతో కలిపి ఆట సమయంలో యంత్రం మొత్తం రెండువందల యాభై వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటుందని లెక్క వేసే దాన్ని ఎంచాను.

మిగిలినవాటిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 500 జి.బి.ల ఎన్.వి.ఎం.ఇ. రకం ఎస్.ఎస్.డి.; తిరిగే హార్డ్ డిస్కు ప్రధాన నిలవగా ఈ రోజుల్లో తగదు. మానిటరు 24 అంగుళాలది, 75 హెర్ట్జులది. క్యాబినెట్ మాత్రం కొంచెం ఆలోచించాలి. ముందువైపు గాజు బిగించిన క్యాబినెట్లు చూడముచ్చటగా వుంటాయి. గాలి మాత్రం లోపలికి పోదు. మే మాసంలో మన గదుల్లోని వేడికి గాజు పెట్టెలో పంకాలు రొదపెట్టి ప్రయోజనం లేదు. ముందు జాలీ, వెనుక ఒక పంకా వున్న సాదా క్యాబినెట్ ఎంచుకున్నాము. దీపాలు లేవు. ఇందుకు తమ్ముడు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఆగస్టులో కొన్నాము. లెక్క ఇది: ప్రాసెసర్ 11,200, బోర్డు 7,800, ర్యామ్ 3,200, ఎస్.ఎస్.డి. 2,700, ఎస్.ఎం.పి.ఎస్. 4,200, క్యాబినెట్ 2,900, మానిటరు 7,900. మొత్తం 39,900 రూపాయలు, పన్నుతో సహా. కీబోర్డు, మౌస్ నా ట్యూషను డబ్బుతో. అన్నీ ఒకే చోట కొనలేదు. మూడు దుకాణాలు తిరిగాము. ఒక విషయం ఇక్కడ ముచ్చటించక తప్పదు. ప్రశ్న నేను అడిగితే సమాధానం తమ్ముడికి చెప్పేవారు. కొటేషను కాగితం వాడి చేతికే ఇచ్చేవారు. పన్నెండు వోల్టుల గడి ఎక్కడ అని నేను అడిగిన తర్వాత ఒక పెద్దమనిషి మాత్రం కుర్చీ చూపించి, “మేడమ్, మీరు కూర్చోండి” అన్నాడు. మా కళాశాలలో చదివే సోదరీమణులు ఈ గడి పేరు గుర్తుంచుకొంటే కుర్చీ దొరుకుతుందని నా అనుభవం.

డబ్బు కట్టే సమయానికి అబ్బా వచ్చారు. భాగాల గురించి ఆయన ఏమీ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకొని బిల్లును ప్రూఫు దిద్దినట్లు అక్షరం అక్షరం చదివారు. రెండు భాగాల సీరియల్ నంబర్లు బిల్లులో లేవని పట్టుకొని రాయించారు. వారంటీ కోసం వెళ్ళినప్పుడు ఆ నంబరు లేని బిల్లుకు విలువ వుండదు. కొంత తగ్గిస్తాము, బిల్లు వద్దనండి అన్న దుకాణం కూడా ఒకటి వుండినది. ఆయన ఆ మెట్లు దిగి వచ్చేశారు.

యంత్రాన్ని ఇంట్లోనే నేను, తమ్ముడు కలిసి బిగించాము. మూడు గంటలు పట్టింది. వాలరెంట్ తక్కువ అమరికల మీద సెకనుకు నూరు చిత్రాలకు అటూ ఇటూగా నడిచింది. జి.టి.ఎ. 5 యాభై దాటింది. ఫిఫాకు స్పష్టత కొంత తగ్గించవలసి వచ్చింది. కొత్త ఆటలు కొన్ని అసలు కదలలేదు. ఆ సంగతి ముందే తెలుసు గనుక ఇంట్లో రభస కాలేదు. రాత్రి తొమ్మిది దాటితే కుర్చీ అబ్బాది. ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ అక్షరాలు పేర్చుతూ వుంటే తమ్ముడు పక్కన కూర్చొని చూసేవాడు. రెండు నెలల్లో తెలుగు వైపు పని వాడే చేయసాగాడు. వధూవరుల పేర్లలో ఒత్తులు తప్పుపోకుండా చూసే బాధ్యత నాది. విండోస్ లైసెన్సు దుకాణంవారు ‘వేసి ఇస్తాం’ అన్నారు గాని ఆ రకం వద్దనుకొని, మూడు నెలల తర్వాత ఈ పని మీద వచ్చిన మొదటి సంపాదనతో కొన్నాము. దీన్ని ఎవరి కొటేషనులోనూ లెక్క వేయరు. లినక్స్ ఉచితమే, నా చదువుకు అదే చాలును. కాని వాలరెంట్ దాని మీద నడవదు, అబ్బా పని విండోస్‌కు అలవాటుపడినది.

2024 ఫిబ్రవరిలో, పెళ్ళి పత్రికల డబ్బుతో ఆర్.ఎక్స్. 6600 కార్డు కొన్నాము. స్లాటులో గుచ్చి, ఎనిమిది ముళ్ళ తీగ తగిలించడానికి పది నిమిషాలు పట్టింది. ఏ భాగమూ పారేయలేదు, ఏ భాగమూ మార్చలేదు. ఎస్.ఎం.పి.ఎస్. పంకా శబ్దం కూడా పెరగలేదు. మునుపు కదలని ఆటలు నిండు స్పష్టతతో అరవై చిత్రాలు దాటాయి. కార్డు పెట్టె మీద కొన్న తేదీ తమ్ముడు తన చేత్తో రాసి, బిల్లును అబ్బా ఫైలులో పెట్టాడు. మార్చినది ఒక్కటే: 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. పైగా మానిటరు భారం కూడా దాని మీదనే. అందువల్ల కరెంటు పోగానే ఆట ఆపి, దాచుకొని, యంత్రం ఆర్పేయాలని ఇంట్లో నియమం పెట్టాము.

ఈ వ్యాసంలోని ధరలు 2023, 2024 నాటివని పాఠకులు గమనించాలి. ముఖ్యంగా ర్యామ్. 2025 చివరి నెలల్లో దాని ధర రెట్టింపుకు మించి పెరిగింది. కృత్రిమ మేధ కోసం నెలకొల్పే మహా గణన కేంద్రాలకు జ్ఞాపకశక్తి చిప్పులు తరలిపోవడమే దీనికి ప్రధాన కారణం. మేము మూడు వేల రెండు వందలకు కొన్న కడ్డీల జతను చూపి, అమ్ముతావా అని తమ్ముడి స్నేహితుడొకడు అడిగాడు. కొత్తగా కట్టదలచినవారు డి.డి.ఆర్.5 మాత్రమే స్వీకరించే ఎ.ఎం.5 వంటి కొత్త సాకెటుకు పోయేముందు, ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో పాత యంత్రంలో డి.డి.ఆర్.4 కడ్డీలు పనిచేసే స్థితిలో వున్నవేమో విచారించడం మంచిది. ఒక్క ఆ భాగం చేతిలో వుంటే లెక్కంతా మారిపోతుంది.

మా యంత్రంలో ఇంకా రెండు ర్యామ్ స్లాట్లు, ఒక ఎస్.ఎస్.డి. స్లాటు ఖాళీగా వున్నాయి. కార్డు ఇచ్చే చిత్రాలన్నిటినీ 75 హెర్ట్జుల మానిటరు చూపలేకపోతున్నదని, 144 హెర్ట్జులది కావాలని తమ్ముడు కొద్ది రోజులుగా అడుగుతున్నాడు. వాడు చెప్పిన లెక్క సరిగానే వుంది. వచ్చే షాదీల కాలంలో ఎన్ని రుక్కాలు వస్తాయో చూసి చెబుతానని అబ్బా అన్నారు.